ఆల్బమ్‌లో ఒక ఖాళీ చోటు

మా ఇంటి బీరువాలో మూడు లావుపాటి ఆల్బములు ఉన్నాయి. వాటిలో సుమారు ఆరు వందల బొమ్మల పోస్టుకార్డులు భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్క కార్డుమీద ప్రపంచంలోని ఏదో ఒక చారిత్రక కట్టడం కనిపిస్తుంది. మస్జిదులు, కోటలు, వంతెనలు, చర్చీలు, రాజభవనాలు, శిథిల నగరాలు. అయితే రెండవ ఆల్బములో ఒక పుట మధ్య చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. కార్డు మూలలను పట్టి ఉంచే నాలుగు చిన్న కాగితపు తొడుగులు, వాటి కింద రెండు పంక్తుల రాత తప్ప అక్కడ మరేమీ లేదు. ఇంటికి వచ్చిన పిల్లలు పుటలు తిప్పుతూ అక్కడ ఆగి, "ఇక్కడి కార్డు ఏమైంది?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు తీరికగా చెప్పదగిన జవాబే ఈ వ్యాసం.

ఈ సేకరణ మొదలుపెట్టినది నేను కాదు, మా అబ్బాజాన్. ఆయన కడప జిల్లాలో తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. మా ప్రాంతం నుండి వేలాది మంది బతుకుతెరువు కోసం కువైట్, సౌదీ అరేబియాలకు వెళ్ళిన సంగతి పాఠకులకు తెలిసినదే. చదువురాని వారి ఇళ్ళకు వెళ్ళి ఉత్తరాలు చదివి వినిపించడం, జవాబులు రాసిపెట్టడం అబ్బాజాన్‌కు అలవాటు. అందుకు ఎవరివద్దా పైసా తీసుకునేవారు కాదు. ఒక్క కోరిక మాత్రం కోరేవారు. "నీవున్న చోట ఏదైనా పాత కట్టడం బొమ్మ ఉన్న కార్డు దొరికితే నా పేర ఒకటి వెయ్యి నాయనా" అనేవారు. కార్డు పంపినవారికి తిరుగు టపాలో చార్మినారుదో, తాజ్‌మహల్‌దో ఒక కార్డు తప్పక వెళ్ళేది. ఊరికే పుచ్చుకోవడం ఆయనకు గిట్టదు.

ఆయన ఏనాడూ దేశం దాటలేదు. అయినా ఇషా నమాజు తరువాత దీపం దగ్గర కూర్చుని, భూతద్దం పట్టుకుని, మాకు ప్రపంచమంతా చూపించేవారు. గతించిన జాతుల పర్యవసానం చూడటానికి భూమిపై సంచరించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు బోధించిందనీ, కాళ్ళతో తిరగలేనివాడు కనీసం కళ్ళతోనైనా తిరగాలనీ ఆయన అభిప్రాయం.

కార్డును చదవడం కూడా ఆయనే నేర్పారు. పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగరీలో పుట్టింది. పదేళ్ళకు, 1879లో, పావు అణా వెలతో మన దేశానికి వచ్చింది. తొలినాళ్ళలో కార్డు ఒక వైపును పూర్తిగా చిరునామాకే వదలాలి. చెప్పదలచిన మాటలను బొమ్మ పక్కన అంచుల్లో ఇరికించి రాసేవారు. 1902లో బ్రిటన్ వెనుకవైపును రెండు భాగాలు చేసి, ఒకటి సమాచారానికి, మరొకటి చిరునామాకు కేటాయించింది. కొద్ది ఏళ్ళలో ఇతర దేశాలూ అదే పద్ధతి అనుసరించాయి. కాబట్టి వెనుక నిలువు గీత లేని విదేశీ బొమ్మకార్డు చేతికి వస్తే అది చాలా పాతదై ఉండవచ్చునని ఆయన మాకు గుర్తు చెప్పారు. కార్డును జిగురుతో అంటించరాదు, వెనుకవైపు చదవడానికి వీలుండాలి. స్టాంపును ఊడదీయరాదు, దానిమీది ముద్రే కార్డు ప్రయాణించిన తేదీకి సాక్షి. తడి చేతులతో ముట్టుకోరాదు. ఇవి మా ఇంటి నియమాలు. ప్రతి కార్డు కింద కట్టడం పేరు, ఊరు, పంపినవారి వివరం తన గుండ్రని తెలుగు అక్షరాలతో ఆయనే రాసేవారు.

కొన్ని కార్డుల కింద ఆ తరువాత మరొక మాట చేరింది. 1980లలో హజ్‌కు వెళ్ళిన మా బంధువు పంపిన కార్డులో మస్జిదె హరామ్ సమీపాన గుట్టమీద ఒక కోట కనిపిస్తుంది. అది ఉస్మానీ తుర్కుల కాలంలో, 18వ శతాబ్దిలో కట్టిన అజ్యాద్ కోట. 2002లో దానిని తొలగించారు. నేడు ఆ చోట ఆకాశాన్నంటే గడియారపు భవనాలు నిలిచి ఉన్నాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల బజారులో కొన్న మరో కార్డుమీద బోస్నియాలోని మోస్తార్ వంతెన ఉంది. 1566లో పూర్తయిన ఆ రాతి కమాను నాలుగు శతాబ్దాలకు పైగా నదికి ఇరువైపులా ఉన్న జనాన్ని కలిపింది. 1993 నవంబరు 9న ఫిరంగి గుండ్లకు కూలి నదిలో పడిపోయింది. ఆ వార్త వచ్చిన రోజున అబ్బాజాన్ కలం తీసి, కార్డు కింద "ఇప్పుడు లేదు" అని రాశారు.

2001 మార్చిలో అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను తాలిబాన్లు పేల్చివేసినపుడు కూడా ఆయన ఆ మాటే రాశారు. అది మన కట్టడం కాదు కదా అని నేను అన్నాను. అప్పుడు ఆయన, "ఇతరులది కూలినపుడు బాధపడినవాడికే, తనది కూలినపుడు ఏడ్చే హక్కు ఉంటుంది బేటా" అన్నారు. ఆ మాట నాలో చాలా కాలం ఉండిపోయింది.

నేను కూడా బతుకుతెరువు కోసం 1999లో కువైట్ వెళ్ళాను. ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో చేరాను. నా పక్క బల్ల దగ్గర సిరియా దేశస్థుడైన ఒక పెద్దాయన పనిచేసేవారు. ఆయన ఊరు అలెప్పో. అరబ్బులు ఆ నగరాన్ని హలబ్ అంటారు. నేను అబ్బాజాన్ కోసం కార్డులు కొనడం గమనించి, 2008లో సెలవుపై వెళ్ళి వచ్చినపుడు ఒక కార్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. అది హలబ్ జామె మస్జిద్ చిత్రం. ఉమవీల కాలంలో వెలసిన ఆ మస్జిదులో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం)కు చెందినదని భావించే సమాధి ఉంది. ఆవరణ మూలన నిలిచిన నాలుగు పలకల మినారు సల్జూకీల కాలం నాటిది, 11వ శతాబ్దిలో కట్టినది. ఎత్తు దాదాపు 45 మీటర్లు. కింది నుండి పైదాకా రాతిలో చెక్కిన రాతలు, లతలు.

కార్డు వెనుకవైపు నిండా అరబీలో చేతిరాత ఉంది. 1974లో ఆయన దమస్కస్‌లో చదువుకుంటున్న రోజుల్లో తండ్రిగారు రాసిన కార్డు అది. నా కోసం ఆయన దాని అర్థం చెప్పారు. "నీవు అడిగిన సొమ్ము గురువారం పంపుతాను. చలి ముదిరింది, ఉన్ని కోటు వేసుకోవడం మరువకు. మీ అమ్మ సలాం చెబుతోంది." ఇంత విలువైనది నేను తీసుకోలేనని అంటే ఆయన నవ్వారు. "ఇలాంటివి మా ఇంట్లో సొరుగు నిండా ఉన్నాయి. అక్కడ దుమ్ములో పడి ఉంటుంది. మీ నాన్నగారి దగ్గరైతే గౌరవంగా ఉంటుంది" అన్నారు.

అబ్బాజాన్ దానిని రెండవ ఆల్బములో పెట్టారు. ఆ కార్డు కింద మినారు వివరంతోపాటు "ఒక తండ్రి తన కుమారునికి రాసినది" అని కూడా రాశారు. నేను 2011లో కువైట్ వదలి ఇంటికి వచ్చేశాను. మరుసటి ఏడాదే అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆల్బములు నా చేతికి వచ్చాయి.

అప్పటికే సిరియాలో యుద్ధం మొదలైంది. 2013 ఏప్రిల్ 24న హలబ్ మినారు నేలమట్టమైంది. వార్త చదివి, ఆల్బము తెరచి, అబ్బాజాన్ లేరు గనుక "ఇప్పుడు లేదు" అన్న మాటను నేనే రాశాను. ఇక్కడ నా లోపం ఒకటి ఒప్పుకోవాలి. ఆ తరువాత ఇంటికి ఎవరు వచ్చినా నేను ముందుగా చూపేది ఆ కార్డునే. "ఈ మినారు ఇప్పుడు ప్రపంచంలో లేదు, మా ఇంట్లో ఉంది" అని చెప్పేవాడిని. ఒక నగరం శోకం నా నోట గొప్పగా మారిపోయిందని అప్పట్లో గ్రహించలేదు.

2017లో ఆ పెద్దాయన నుండి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. అప్పటికి ఆయన కుటుంబంతో జర్మనీ చేరుకున్నారు. కుశల ప్రశ్నల తరువాత ఇలా రాశారు. "ఆ కార్డు ఇంకా నీవద్ద ఉందా? ఉంటే వెనుకవైపు ఫోటో తీసి పంపగలవా? మా ఇల్లు పోయింది, సొరుగు కూడా పోయింది. మా నాన్నగారి చేతిరాత నావద్ద ఒక్కటీ మిగలలేదు."

పది నిమిషాలలో రెండు వైపులా ఫోటోలు తీసి పంపాను. వెంటనే "జజాకల్లాహు ఖైరన్" అని జవాబు వచ్చింది. ఒక మంచిపని చేశానన్న తృప్తితో భోజనానికి కూర్చున్నాను. విషయం విన్న నా శ్రీమతి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "కార్డు ఎప్పుడు పంపుతారు?" అని అడిగింది.

నావద్ద వాదనలకు కొరత లేదు. అది అబ్బాజాన్ సేకరణ, దానిని విడదీసే అధికారం నాకు లేదన్నాను. టపాలో పోతే ఎవరికీ దక్కదన్నాను. చివరికి హదీసును కూడా ఆసరా చేసుకున్నాను. ఇచ్చిన కానుకను తిరిగి తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) గర్హించారు కదా అన్నాను.

ఆమె ఆల్బము తెచ్చి నా ముందు తెరచింది. "ఆయన తిరిగి అడగలేదు. అడగరాదని తెలిసిన మనిషి కాబట్టే ఫోటో చాలన్నారు. అడగరానిది ఆయనకు. ఇవ్వరాదని మీకెవరు చెప్పారు?" అంది. ఆపైన కార్డు కింది పంక్తిమీద వేలు పెట్టి, "ఇది మీ అబ్బాజాన్ చేతిరాత. ఈ ఆల్బము ఎక్కడో పరాయి ఇంట్లో ఉండి, వాళ్ళు దీని ఫోటో పంపితే మీకు సరిపోతుందా?" అని అడిగింది.

నేను సమాధానం చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రే ఒప్పుకోనూలేదు. మూడు రోజులు ఆ పుట తెరచి చూస్తూ గడిపాను. నేను చూస్తున్నది మినారును కాదనీ, దాని కింద ఉన్న అబ్బాజాన్ అక్షరాలననీ మూడవ రోజున తెలిసివచ్చింది. "తండ్రి" అన్న మాటలో ఒత్తు దగ్గర ఆయన కలం కొద్దిగా ఆగి, సిరా ముద్దగా దిగింది. వయసు మీదపడి చేయి వణికిన గుర్తు అది. ఏ ఫోటోలో చూసినా అది ఒక మచ్చ మాత్రమే. వేలితో తడిమినపుడు మాత్రం కాగితం అక్కడ కాస్త నొక్కుకుని ఉండటం తెలుస్తుంది. హలబ్ పెద్దాయనకు అలా తడిమి చూసుకోవడానికి భూమిమీద మిగిలిన కాగితం ఒక్కటే. అది నా బీరువాలో ఉంది.

మరునాడు రెండు అట్టల మధ్య కార్డు పెట్టి, కవరులో ఉంచి, తపాలా కార్యాలయానికి వెళ్ళి రిజిస్టరు చేశాను. లోపల ఏముందని గుమాస్తా అడిగితే "పాత పోస్టుకార్డు" అన్నాను. విలువ ఎంత అని అడిగితే ఏమి చెప్పాలో తోచలేదు. "అమ్మేదానికి కాదు, ఉత్తరమే అనుకోండి" అన్నాను. నలభై మూడు సంవత్సరాల తరువాత ఆ ఉత్తరం అదే మనిషికి రెండవసారి టపాలో బయలుదేరింది.

నెల తిరగకముందే ఆయన ఫోను చేశారు. సలాం చెప్పి కాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆపైన కార్డును మొదటి నుండి చివరి వరకు నాకు చదివి వినిపించారు. ఉన్ని కోటు దగ్గరకు వచ్చేసరికి గొంతు ఆగింది. "ఇక్కడ కూడా చలి ఎక్కువే" అని మాత్రం అన్నారు.

కొన్నాళ్ళకు ఆయన నుండి నా పేర ఒక కార్డు వచ్చింది. అది జర్మనీలోని కొలోన్ నగరపు చిత్రం, 1945 నాటిది. 1248లో మొదలై 1880లో పూర్తయిన పెద్ద చర్చి రెండు శిఖరాలతో నిలబడి ఉంది. బాంబు దెబ్బలు తిన్నా అది కూలలేదు. చుట్టూ నగరం మాత్రం రాళ్ళ కుప్ప. వెనుకవైపు ఆయన అరబీలో రెండే వాక్యాలు రాశారు. "నేను ఇప్పుడు ఈ నగరంలో ఉంటున్నాను. ఒకప్పుడు ఇది కూడా హలబ్ లాగే ఉండేది."

కూలినవాటిని మనుషులు తిరిగి కడుతున్నారు. మోస్తార్ వంతెన 2004లో మళ్ళీ నిలబడింది. 2017 జూన్‌లో పేల్చివేతకు గురైన మోసుల్ నగరపు వాలు మినారును యునెస్కో తోడ్పాటుతో మళ్ళీ కట్టారు. హలబ్ మస్జిదులో కూడా పడిపోయిన రాళ్ళను ఏరి, వేరుచేసి, పని మొదలుపెట్టారు. నేర్పు, ఓర్పు, ధనం ఉంటే రాయిమీద రాయి పేర్చవచ్చు. గతించిన తండ్రి చేతిరాతను మాత్రం ఏ మేస్త్రీ తిరిగి కట్టలేడు.

గల్ఫు నుండి మన పెద్దలు రాసిన ఉత్తరాలు, కార్డులు మన ట్రంకు పెట్టెలలో, అటకల మీద ఎన్నో ఉన్నాయి. ఇల్లు మారేటపుడు, రంగులు వేయించేటపుడు వాటిని పాతసామాను వాడికి తూకానికి వేయకముందు ఒక్కసారి వెనుకవైపు తిప్పి చూడమని పాఠకులకు నా మనవి. మరొకరి ఇంటి చేతిరాత మీవద్ద ఉంటే, వారు అడిగేదాకా ఆగకండి.

కొలోన్ కార్డును ఆ ఖాళీ చోట పెట్టమని మా మనుమరాలు అడిగింది. దానికి వేరే పుట ఇచ్చాను. నాలుగు తొడుగుల కింద అబ్బాజాన్ పంక్తి అలాగే ఉంది. దాని కింద నేను రాసిన "ఇప్పుడు లేదు" అన్న మాటను కొట్టివేసి, "ఇంటికి చేరింది" అని రాశాను.