తొట్టెలో నా వైద్యం

నలభై ఏళ్లు మనుషులకు మందులు రాసిన నేను, మనవడి గోల్డ్‌ఫిష్ తోక అంచులు కుళ్లుతుంటే, ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి తొట్టెలో పోశాను. నీరెన్ని లీటర్లో కొలవలేదు. ఆ మందును పాలతో మింగవద్దని రోగులకు చెప్పినవాణ్ణే. మా బోరునీటిలోని కాల్షియం కూడా దానిని బంధించి నిర్వీర్యం చేస్తుందని స్ఫురించలేదు. మూడవనాడు చేప చనిపోయింది. "నువ్వు డాక్టరువి కదా, తాతయ్యా?" అన్నాడు మనవడు.

తోక కుళ్లుకు తరచుగా మూలం మురికినీరే. ముందుగా అమ్మోనియా పరీక్షించి, నాలుగోవంతు నీరు మార్చవలసింది. మందు అవసరమైతే చేపను వేరే తొట్టెలో ఉంచి, పశువైద్యుని సలహాతో, కొలిచిన నీటికి లెక్కగట్టి, చెప్పిన రోజులన్నీ వాడాలి. పెద్ద తొట్టెలో వేస్తే ఫిల్టరులోని మేలుచేసే బాక్టీరియా దెబ్బతినవచ్చు. అరకొర మోతాదుకు చావని క్రిములు మొండికెక్కి, తొట్టె కడిగే మన చేతులకూ చేరగలవు.