నీరు నిలుపు అతుకు

వికారాబాదు పట్టణమునకు సమీపమున నిలిచియున్న అనంతగిరి కొండలపై కురిసిన వాన రెండు దారులు పట్టును. తూర్పునకు జాలువారిన నీరు మూసీయై హైదరాబాదు నగరమధ్యమున ప్రవహించును. పడమరకు పారిన నీరు కాగ్నాయై తాండూరును ఒరసికొనుచు కర్ణాటకమున భీమానదిని చేరును. తుదకు రెండును కృష్ణలోనే ఏకమగును. ఈ ప్రాంతముననే 1967లో నిర్మింపబడిన కోట్‌పల్లి జలాశయము వేలకొలది ఎకరములకు సాగునీరొసగుటయేగాక, పరిసరగ్రామముల మత్స్యకారులకు జీవనాధారమై యున్నది. సెలవుదినములందు నగరమునుండి షికారునకు వచ్చెడివారు చూచునది ఆ జలసౌందర్యమును మాత్రమే. తెల్లవారకమునుపే వలలు తీయుటకు నీట దిగెడివారి శ్రమను చూడవలెనన్న కోరికతో నేనచ్చటికి పోయితిని.

ఇచ్చటివారు వేటకు వాడునది పుట్టియో, థర్మోకోలు దిమ్మెలను జతగట్టి చేసికొన్న తెప్పయో. కొన్ని దేశముల వేటపడవలలో పట్టిన చేపలను ప్రాణముతో నిలుపుటకై పడవలోనే అల్యూమినియపు నీటితొట్టిని అమర్చుదురు. పుట్టిలో అంతటి చోటు లేదు గనుక, ఆ పనిని ఇక్కడ గట్టున నిలిపిన ట్రాలీ ఆటోపైని అల్యూమినియపు తొట్టి చేయుచున్నది. 2016లో తెలంగాణ రాష్ట్రమత్స్యముగ ప్రకటింపబడిన కొరమీనును కొనువారు అది కళ్ళయెదుట కదలాడుచుండగనే కొనగోరుదురు. ప్రాణము పోయినచో ధరయు పడిపోవును. కొరమీను తలలో మొప్పలకు మీదుగ గాలిని పీల్చుకొను ప్రత్యేకమైన గది యుండుటచేత, ఒడలు తడిగనున్నంతసేపు కొంతకాలము నీరు లేకున్నను అది ఓర్చుకొనగలదు. రవ్వకును బొచ్చెకును ఆ వరము లేదు. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గిపోవును. 20 డిగ్రీల వేడిమియందు లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొనగా, 30 డిగ్రీలయందు ఏడున్నర మాత్రమే నిలుపుకొనగలదు. కావున ఎండవేళ తొట్టినుండి నీరు కారిపోవుట యన్నది మత్స్యకారుని పాలిట చిన్న నష్టము కాదు.

నేను కలిసికొన్న మత్స్యకారుని తొట్టికి అట్టి ఆపదయే వచ్చియుండెను. "ఇగ చూడుండ్రి సార్, గీ మూలకెల్లి కారుతున్నది. బజారుకు పోయేసరికి సగం నీళ్ళుండయి" అని అతడు చూపిన చోట వెంట్రుకవాసి బీట యొకటి అతుకు ప్రక్కనే నిలువుగ సాగియుండెను. దానిపై పూసిన ఎంసీల్ ముద్ద గట్టిగనే యున్నను, దాని అంచున నీరు చెమ్మగిల్లుచునే యుండెను. మరమ్మతునకై తాండూరు పోవుచున్నానని అతడు చెప్పగా నేనును వెంట బయలుదేరితిని.

తాండూరు నాపరాతి పట్టణము. నీలివన్నెవి, పసుపువన్నెవి రాతిపలకలు బాటకిరుప్రక్కల దొంతరలు పేర్చియుండగా, కోతయంత్రముల ధ్వని దూరమునుండియే వినవచ్చును. ఆ యంత్రములు నిత్యము అరుగుచు విరుగుచు నుండుటచే వానిని బాగుచేయు నిపుణులకు ఇచ్చట కొదువ లేదు. మేము ప్రవేశించిన వెల్డింగు షాపున తెలుగు, ఉర్దూ, కన్నడములు ఒక్క సంభాషణలోనే కలిసి మెలసి పలుకబడుచుండెను.

"ఉస్తాద్, ఎంసీల్ పెట్టిన గాని మల్ల కారుతున్నది" అనగా, ఆ నడివయసు పనివాడు తొట్టిని బోర్లించి వ్రేలితో బీటను తడుముచు, "అన్నా, పైన మూస్తె ఏం ఫాయిద? పగులు యాడ మొదలైందో చూడాలె గద" అనెను. ఆ మాటలో అతని విద్య యంతయు ఇమిడియున్నదని తరువాతి పనిని చూచినకొలది నాకు తెలియవచ్చెను.

ముందుగ పాత ముద్దను మిగులకుండ గీకివేసి, మత్స్యముల జిగురును కడిగి, బీటలో దాగిన తడి యారునట్లు సన్నని మంటతో వెచ్చచేసెను. అల్యూమినియము కరగియున్నప్పుడు తేమనుండి వెలువడు హైడ్రోజన్‌ను మ్రింగి, గట్టిపడునప్పుడు దానిని లోననే బుడగలుగ నిలుపుకొనును. ఆ బుడగలే రేపటి కారుదలకు ద్వారములు. పిమ్మట బీట యొక్క రెండు కొనలయందును చిన్న రంధ్రములు వేసెను. పగులుకొన సూదివలె వాడియై యున్నంతకాలము ఒత్తిడి యంతయు అచ్చటనే కేంద్రీకరించి దానిని ముందునకు నడపును. ఆ కొనను గుండ్రముగ చేసినచో దాని పురోగమనము నిలిచిపోవును.

ఇనుమునకు వాడని వేరొక స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో అతడు ఆ చోటును మెరయునట్లు రుద్ది, ఆలస్యము చేయక ఆర్గాన్ వెల్డింగునకు పూనుకొనెను. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. కాని గాలి సోకినంతనే దానిపై ఏర్పడు ఆక్సైడు పొర కరగుటకు 2000 డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. కావున పొర చెక్కుచెదరకమునుపే లోపలి లోహము కరగి జారిపోవు ప్రమాదము కలదు. ఏసీ విద్యుత్తు ఒక అర్ధచక్రమున ఆ పొరను ఛేదించుచు, మరియొక అర్ధచక్రమున లోహమును కరగించుచుండగా, ఆర్గాన్ వాయువు చుట్టునుగల గాలిని దరిజేరనీయదు. ఇనుము కాగినపుడు ఎర్రబడి పనివానిని హెచ్చరించును. అల్యూమినియము ఏ వన్నెయు చూపదు. కరుగు మడుగు తళుకును మాత్రమే గుర్తుగ గ్రహించి, రేకు వంకరపోకుండుటకై ఇచ్చటొక కుట్టు, అచ్చటొక కుట్టు చొప్పున అతడు రాడ్డును అందించుచుండెను.

అతుకు చల్లారిన పిమ్మట వెలుపల సుద్ద పూసి, లోపల నీరు నింపిరి. ఇట్టి పరీక్షకు కిరోసిను మిక్కిలి శ్రేష్ఠమైనను, చేపలుండు పాత్రకు అది తగదని ఉస్తాద్ దానిని తాకనైన తాకలేదు. సుద్ద ఎచ్చటను తడియలేదు.

అంతటితో పని ముగిసినదని నేననుకొనుచుండగా అతడు ఆటో వద్దకు నడచెను. తొట్టి క్రింది ఇనుపచట్రము సరిగ ఆ మూలనే రేకును ఒరయుచుండెను. తడియందు ఇనుమును అల్యూమినియమును తాకియున్నచో అల్యూమినియమే ముందుగ క్షయించును. దానికితోడు బండి బ్రేకు వేసినపుడెల్ల లోపలి నీటిబరువు ఒక్కుమ్మడిగ అదే గోడను మోదుచుండెను. చట్రముపై మందపు రబ్బరు పరచి, తొట్టి నడుమ రంధ్రములుగల అడ్డుపలకను అమర్చుమని అతడు చెప్పి, అవి రెండును తానే చేసియిచ్చెను. "గిది చెయ్యకుంటె, అన్నా, నువ్వు మల్ల నా తానికే వస్తవ్" అని అతడు మత్స్యకారునితో అన్న మాటలో లాభాపేక్ష లవలేశమును లేదు.

2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులందును జలాశయములందును ఉచితముగ చేపపిల్లలను విడుచుచున్నది. అది మంచి పని. కాని నీట పెరిగిన సంపద కొనువాని చేతికి చేరువరకు దానిని కాపాడునది ఇట్టి తొట్టి. తొట్టిని కాపాడునది ఇట్టి పనివాని విద్య. మన పారిశ్రామిక శిక్షణాసంస్థలు అల్యూమినియపు వెల్డింగును, దానితోపాటు పగులునకు మూలమేదియో వెదకు ఓర్పును విద్యార్థులకు నేర్పవలెను. అందులకు ఇట్టి ఉస్తాదులనే గురువులుగ పిలిచి గౌరవింపవలెను. మత్స్యకారుల సహకారసంఘములు తమ తొట్లను ఆ పిల్లల చేతికే అప్పగింపవలెను. కోట్‌పల్లి గట్టుకును తాండూరు షాపునకును నడుమనున్న ఆ కొద్దిపాటి దూరమున ఇరువురి జీవికయు నిలుచుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము నాకు కానరాలేదు.