ఏడాదికి నాలుగు కోళ్ళు

పిల్లలూ! మీలో మాంసం తినేవాళ్ళు వున్నారు, తిననివాళ్ళూ వున్నారు. ఈ మాటలు ఉభయుల కోసమూ వ్రాస్తున్నాను. ఒకసారి ఒక చిన్న అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవటమే కాదు, సిగ్గుపడ్డాను కూడా. ఆ సంగతి మీకు చెబుతాను, వినండి.

పాడేరుకూ అరకులోయకూ మధ్య, తూర్పు కనుమలలో, హుకుంపేట అనే ఊరు వున్నది. పూర్వం అది విశాఖపట్నం జిల్లాలో వుండేది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఎటు చూసినా కొండలే. వాలుల మీద చోడి చేలు, సామ చేలు, నీడచెట్ల క్రింద కాఫీ తోటలు. వలిసెలు పూసే రోజులలో కొండకు కొండే పసుపు ఆరబోసినట్టు కనబడుతుంది. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు మొదలైన గిరిజనులు ఆ ప్రాంతంలో వుంటారు. నేను అక్కడ కొంతకాలం మాస్టరుగా పని చేశాను.

ఒకరోజు తరగతిలో భూమి వేడెక్కటం గురించి పాఠం చెబుతున్నాను. బొగ్గు గురించీ, పెట్రోలు గురించీ చెప్పి, చివరకు, "మాంసం తినటం వల్ల కూడా భూమి వేడెక్కుతుంది. కనక మీరంతా మాంసం మానెయ్యాలి," అన్నాను. ఎక్కడో చదివిన మాటను చదివినట్టే అప్పజెప్పేశాను.

వెనక వరసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మాస్టారూ, మా ఇంట్లో ఏడాదికి నాలుగు కోళ్ళు కోస్తారు. ఇటుకల పండుగకి ఒకటి, కొత్త గింజలు తినే పండుగకి ఒకటి, చుట్టాలొస్తే ఒకటో రెండో. మొన్న వాన అదనుకి పడక మా కాఫీ పూత సరిగా నిలవలేదు. అది మేము తిన్న కోళ్ళ వల్లేనా?" అని అడిగింది.

ఆ పిల్ల వెటకారంగా అడగలేదు. నిజంగానే భయపడి అడిగింది. తన ఇంటివాళ్ళు చేసిన తప్పుకు తన తోటే నష్టపోయిందేమో అనుకున్నది. నేను, "రేపు చెబుతాను, కూర్చో అమ్మా," అన్నాను.

ఆ రాత్రి దీపం దగ్గర కాగితం పెట్టుకుని లెక్క వెయ్యటం మొదలుపెట్టాను. ఆ లెక్క మీరూ వెయ్యగలరు.

ముందు ఆవు కడుపులోకి వెళదాం. ఆవు, గేదె, మేక, గొర్రె — ఇవి నెమరువేసే జంతువులు. వీటి కడుపులో నాలుగు అరలుంటాయి. మొదటి అర పెద్ద గోలెం లాంటిది. మనకు అరగని గడ్డినీ, ఎండుటాకునూ అక్కడ కంటికి కనబడని కోట్ల కోట్ల సూక్ష్మజీవులు పులియబెట్టి అరిగేటట్టు చేస్తాయి. ఆ పనిలో మీథేన్ అనే వాయువు పుడుతుంది. అందులో చాలా భాగం త్రేనుపు రూపంలో నోటి గుండానే బయటికి వస్తుంది. ఆవు హాయిగా కళ్ళు మూసుకుని నెమరువేస్తూ ఒక త్రేనుపు త్రేన్చిందంటే, గాలిలోకి కొంచెం మీథేన్ పోయిందన్నమాట!

ఈ మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్ళే వుంటుంది. కాని వున్నంతకాలమూ వేడిని గట్టిగా పట్టి వుంచుతుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే, ఒక కిలో మీథేన్ దాదాపు 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. పశువుల మేత కోసం అడవులు కొట్టటం, మేత పంటలకు ఎరువులు చల్లటం, పేడ కుళ్ళటం — ఇవన్నీ దానికి తోడు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవిలో కొట్టివేసిన నేలలో ఎక్కువ భాగం పశువుల బీళ్ళుగా మారింది.

ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో ఒక లెక్క చెప్పింది. మనుషుల పనుల వల్ల పుట్టే వేడి వాయువులలో సుమారు నూటికి 12 వంతులు పశుపోషణ వల్ల వస్తున్నాయట. మిగిలిన దానిలో హెచ్చు భాగం బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండించటం వల్లనే.

అయితే అన్ని మాంసాలూ ఒకటేనా? కాదు. పూర్, నెమెచెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 119 దేశాలలోని సుమారు 38,700 కమతాల వివరాలు కూడదీసి, 2018లో ప్రకటించారు. వారి లెక్కలలో ప్రపంచపు సగటు ఇలా వున్నది. మాంసం కోసమే పెంచిన పశువు మాంసం ఒక కిలోకు దాదాపు 100 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన భారం. మేక, గొర్రె మాంసానికి 40 కిలోలు. కోడిమాంసానికి 10. కోడిగ్రుడ్లకు అయిదు. బియ్యానికి నాలుగున్నర. పప్పుధాన్యాలకు రెండు కిలోలకు లోపే. కోడి నెమరువెయ్యదు కాబట్టి దాని లెక్క తక్కువ. నీరు నిలిచిన వరిమడిలో కూడా మీథేన్ పుడుతుంది కాబట్టి బియ్యానికీ కొంత లెక్క వున్నది.

ఇక చూడండి. ఆ అమ్మాయి ఇంట్లో నాలుగు కోళ్ళు. ఒక్కొక్కటి కిలో మాంసం అనుకుంటే ఏడాదికి 40 కిలోల భారం. నిజానికి అంత కూడా వుండదు. ఆ కోళ్ళు పెరట్లో పురుగులనూ, రాలిన గింజలనూ ఏరుకుతిని పెరిగినవి. వాటి కోసం ఎవరూ మొక్కజొన్న పండించి లారీలలో తీసుకురాలేదు.

తరువాత మా ఇంటి లెక్క వేశాను. ప్రతి ఆదివారమూ ఒక కిలో కోడిమాంసం. ఏడాదికి 52 ఆదివారాలు. అంటే 520 కిలోలు. అది గాక పండుగలకూ, చుట్టాలకూ మేకమాంసం. ఒక్క కిలో మేకమాంసానికే 40! పిల్లలూ, ఆ అమ్మాయి ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తిన్నదీ, మేము ఒక్క పండుగనాడు మధ్యాహ్నం తిన్నదీ సమానం. మానెయ్యమని ఎవరికి ఎవరు చెప్పారో చూశారా? సిగ్గుపడ్డానంటే ఇందుకే.

మన దేశం మొత్తం మీద చూసినా మనిషికి ఏడాదికి సగటున కొద్ది కిలోల మాంసమే. అమెరికాలో అది నూరు కిలోలకు పైగా వుంటుంది. శాకాహారులైన పిల్లలు, "మాకేమీ సంబంధం లేదు," అనుకోకూడదు సుమా! 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 19 కోట్లకు పైగా ఆవులూ ఎద్దులూ, దాదాపు 11 కోట్ల గేదెలూ వున్నాయి. వాటిలో చాలా భాగం పాల కోసమూ, దుక్కి కోసమూ పెంచేవే. అవీ నెమరువేస్తాయి. పాలలో, నేతిలో కూడా ఆ త్రేనుపు వున్నది.

మర్నాడు బడికి వెళ్ళే దారిలో నాకు మరొక సంగతి జ్ఞాపకం వచ్చింది. హుకుంపేట మండలంలోనే మత్స్యగుండం అనే చోటు వున్నది. అక్కడ ఏటినీరు బండల నడుమ గుండంగా నిలుస్తుంది. అందులో చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. ఒడ్డున మత్స్యలింగేశ్వరస్వామి కోవెల. శివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. వచ్చినవాళ్ళు చేపలకు తిండి వేస్తారే గాని ఒక్కదాన్నీ పట్టరు. వాళ్ళు చేపలు తిననివాళ్ళు కారు. మరొకచోట పట్టుకుంటారు, తింటారు. ఇక్కడ మాత్రం పట్టరు. తినటానికి ఒక హద్దు వున్నదన్నమాట! నేను మర్చిపోయిన మాట అదే.

హద్దు పోతే ఏమవుతుందో అరకు దారిలో చూడవచ్చు. పచ్చి వెదురుబొంగులో ఉప్పూ కారమూ పట్టించిన కోడిముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద త్రిప్పుతూ కాలుస్తారు. నూనె అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. ఎంతో తెలివైన వంట! కాని ఇప్పుడు కొండలు చూడవచ్చే యాత్రికులకు అది సరదా తిండి అయింది. ఒక్కొక్క బొంగూ ఒక్క పూటకే పనికివస్తుంది. నేను ఆగిన దుకాణం వెనక కాలిన బొంగుల గుట్ట నా నడుం ఎత్తు వున్నది. అమ్మేవాళ్ళను తప్పుపట్టటం లేదు. అది వాళ్ళ జీవనం. కొనుక్కుని తిన్నవాళ్ళలో నేనూ వున్నాను.

తరగతిలోకి వెళ్ళి ఆ అమ్మాయిని పిలిచి, బోర్డు మీద రెండు లెక్కలూ ప్రక్కప్రక్కనే వేశాను.

"తప్పు నీ నాలుగు కోళ్ళది కాదమ్మా," అన్నాను. "ఒక్క ఏడు వాన అదను తప్పితే, దానికి ఫలానాదే కారణమని ఎవరూ చెప్పలేరు. కాని భూమి వేడెక్కేకొద్దీ వానలు అదను తప్పటం ఎక్కువవుతుంది. ఆ వేడికి కారణం ఎక్కువగా బొగ్గూ పెట్రోలూ. కొంత నాలాంటి వాళ్ళ ఆదివారాలు. నిన్న నేను చెప్పినది సగమే నిజం. ఎదిగే పిల్లలు మీరు. బడిలో పెట్టే కోడిగ్రుడ్డు మానకండి. పప్పు బాగా తినండి. తగ్గించవలసినవాళ్ళం మేము."

ఆ అమ్మాయి బోర్డు వంక చాలాసేపు చూసింది. "అయితే మాస్టారూ, మీరు తగ్గిస్తారా?" అని అడిగింది.

తరగతంతా నా వంక చూస్తున్నది. "తగ్గిస్తాను," అన్నాను.

అనటం తేలికే. మొదటి ఆదివారం సంతలో రాజ్‌మా గింజలు కొన్నాను. ఆ కొండలలో అవి బాగా పండుతాయి. రాత్రంతా నానబెట్టి, ఉల్లిపాయలు వేసి వండాం. మా చిన్నవాడు కంచం ముందు కూర్చుని, "ఇవాళ ఆదివారం కాదా?" అని ఏడుపు ముఖం పెట్టాడు. రెండో ఆదివారం నేనే ఓడిపోయి కోడిమాంసం తెచ్చాను. మూడో ఆదివారం మళ్ళీ రాజ్‌మా. గోడ మీది క్యాలెండరులో కోడి వండిన ఆదివారానికల్లా ఒక చుక్క పెట్టటం మొదలుపెట్టాం. ఏడాది చివర లెక్కపెడితే 21 చుక్కలు వచ్చాయి. చుక్కలు పెట్టేది మా చిన్నవాడే. నేను మరచిపోతే వాడే గుర్తుచేసేవాడు!

బడికి వెళ్ళి ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. "మా ఇంట్లో ఈ ఏడాది అయిదు కోళ్ళు, మాస్టారూ. మా అక్క పెళ్ళి అయింది," అని నవ్వింది.

మీరు కూడా క్యాలెండరులో చుక్కలు పెట్టి చూడండి. తినేవాళ్ళు మాంసానికి, తిననివాళ్ళు పారబోసిన అన్నానికీ, పాలకూ. ఎవరినీ తిట్టనక్కర్లేదు, ఎవరి తిండినీ వెక్కిరించనక్కర్లేదు. నెల చివర చుక్కలు లెక్కపెట్టి, ఆ లెక్క మీ అమ్మకూ నాన్నకూ చూపించండి. ఏ చుక్కలు వుండవలసినవో, ఏవి లేకపోయినా ఫరవాలేదో, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తేల్చుకోండి.