గడువు

2020 మార్చి 22, ఆదివారం

జనతా కర్ఫ్యూ. సాగర్ రోడ్డు మీద ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున, విమాన భాగాలు చేసే మా షెడ్డుకు పోయి నాలుగు మెషీన్లూ చూసొచ్చాను. రెండో దాంట్లో జాబ్ సగం కోసి అట్లాగే బిగించి ఉంది. గుమ్మం పక్కన రెండు పెట్టెలు, మేకులు కొట్టి, లేబుళ్లు అంటించి సిద్ధంగా ఉన్నాయి. గురువారం శంషాబాద్‌లో విమానం ఎక్కాల్సినవి.

ఈరోజు నుంచి విదేశాల ప్రయాణికుల విమానాలు బంద్. అక్కడ చిక్కుకున్న పిల్లలు ఎట్లా వస్తారని టీవీలో అడుగుతున్నారు, అడగాల్సిందే. మా బాధ ఇంకోటి. మాలాంటి చిన్నవాళ్ల సరుకు చాలావరకు ప్రయాణికుల విమానాల కడుపులోనే, సూట్‌కేసుల పక్కన పోతుంది. మనుషులు ఎక్కకపోతే మా పెట్టె కూడా ఎక్కదు.

ఐదింటికి వాడకట్టంతా చప్పట్లు. బాపు పళ్లెం, గరిటె పట్టుకుని గేటు దాకా వచ్చాడు. సాయంత్రానికి ముఖ్యమంత్రి 31 దాకా లాక్‌డౌన్ అన్నారు.

ఏప్రిల్ 2, గురువారం

శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండా కల్యాణం. బాపు టీవీ ముందు తలంబ్రాల వేళకు లేచి నిలబడ్డాడు.

నిన్న రిజర్వు బ్యాంకు చెప్పింది రెండుసార్లు చదివాను. మామూలుగా సరుకు పంపిన 9 నెలల్లో దాని డబ్బు మన బ్యాంకుకు రావాలి. రాకపోతే సంజాయిషీలు. జులై 31 లోపు పంపే సరుకుకు దాన్ని 15 నెలలు చేశారు. మొన్న మంగళవారంతో ముగియాల్సిన విదేశీ వాణిజ్య విధానాన్ని కూడా 2021 మార్చి 31 దాకా పొడిగించారు. టర్మ్ లోను కిస్తీలకు మూడు నెలల వెసులుబాటు పోయిన వారమే వచ్చింది.

మా వరస షెడ్ల వాళ్లం ఏడుగురం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. డీబర్రింగ్ (కోసిన అంచులు నునుపు చేయడం) పని చేసే పెద్దాయనకు ఇంగ్లిష్ చదవడం రాదు. సర్క్యులర్ వచ్చినప్పుడల్లా ఎవరినో అడగాలి. అందుకని ఈరోజు మూడు సంగతులూ తెలుగులో రాసి పెట్టాను. ఇకమీదట రోజూ రాస్తానని మాటిచ్చాను. ‘కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు’ అన్న ముక్క విడిగా ఇంకోసారి పెట్టాను. చాలామంది మాఫీ అనుకుంటున్నారు.

పెద్దాయన జవాబు వాయిస్‌లో వచ్చింది: “గడువు మంచిగనే ఇచ్చిండ్రు తమ్మీ. పని ఎవరిస్తరు?”

ఏప్రిల్ 9, గురువారం

నిన్న ఎయిర్‌బస్ ఉత్పత్తి మూడో వంతు తగ్గించుకుంటున్నట్టు చెప్పింది. ఏ320 రకం ఇకమీదట నెలకు 40. మేం చేసే బ్రాకెట్లు చివరికి చేరేది ఆ రకం విమానాలకే.

రాత్రి ఫ్రాన్సు నుంచి కొనుగోలుదారు మెయిల్. మే, జూన్ ఆర్డర్లు రద్దు చేశామనలేదు, వెనక్కి జరిపామన్నారు. ఎప్పటికో రాయలేదు. ఆ ఒక్క లైను పదిసార్లు చదివాను. రద్దు అని ఉంటే ఏడ్చి ఇంకో దారి చూసుకునేవాణ్ని.

ఏప్రిల్ 20, సోమవారం

ఈరోజు నుంచి సెజ్‌లు (ప్రత్యేక ఆర్థిక మండళ్లు), ఎగుమతి యూనిట్లు, మునిసిపాలిటీల బయటి పరిశ్రమలు నడుపుకోవచ్చని కేంద్రం అన్నది. పొద్దున్నుంచి ఫోన్లే. మాది సెజ్ కాదు, దాని బయటి షెడ్డు. పైగా ఆదిభట్ల ఇప్పుడు మునిసిపాలిటీ. ఈ చర్చంతా అనవసరం. నిన్న రాష్ట్ర మంత్రివర్గం మే 7 దాకా ఏ సడలింపూ లేదని తేల్చేసింది. ఇది సరైన నిర్ణయమనే నా నమ్మకం. మా దగ్గర పనిచేసే పదకొండు మంది పిల్లలు రెండు గదుల్లో ఉంటున్నారు. ఒకడికి అంటుకుంటే అందరికీ అంటుకుంటుంది.

బయటి రాష్ట్రాల కూలీలకు ప్రభుత్వం ఇచ్చే 12 కిలోల బియ్యం, 500 రూపాయలు మా గదుల వాళ్లకు అందాయి. పప్పు, నూనె, కూరగాయలు నేను చూసుకుంటున్నాను.

మే 2, శనివారం

నిన్న తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు పోయింది. వలస కార్మికుల కోసం దేశంలో వేసిన మొదటి రైలు అదే, సుమారు 1,200 మందితో. వార్త చూసిన గంటలో మెషీన్లు సెట్ చేసే మా సెట్టర్ గేటు దగ్గరున్నాడు. ఆరేళ్లుగా ఉన్నాడు, మనలాగే తెలుగు మాట్లాడతాడు.

“సార్, మా అమ్మ ఒక్కతే ఉన్నది. నేను పోత.”

ఆపడానికి నా దగ్గర ఏముంది? పని చూపించలేను. ఆగమని అడిగే హక్కు లేదనిపించింది. పోలీస్ స్టేషన్లో పేరు రాయించడానికి నేనే తీసుకుపోయాను. దిగేటప్పుడు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చేతిలో పెట్టాడు. ఏ జాబ్‌కు ఏ టూల్, ఏ ఆఫ్‌సెట్, కూలెంట్ ఎటు నుంచి కొట్టాలి, అంతా హిందీలో, చేతితో గీసిన బొమ్మలతో ఉంది. ఆరేళ్లలో నేనొక్కసారి కూడా అడగలేదు, తను రాస్తున్నాడని నాకు తెలియదు.

మే 16, శనివారం

ఏప్రిల్ ఎగుమతుల లెక్క నిన్న వచ్చింది. దేశం మొత్తం మీద 10.36 బిలియన్ డాలర్లు, పోయిన ఏప్రిల్ కంటే 60.28 శాతం తక్కువ. గ్రూపులో పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి పెట్టాను. ఒక్క మనదే మునగలేదని తెలియడం కూడా అవసరమే.

ఆర్థిక మంత్రి బుధవారం చెప్పిన పథకం కొంచెం వివరంగా రాశాను. చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్లు, తాకట్టు లేదు, గ్యారంటీ కేంద్రానిది, నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. ఎంత ఇస్తారంటే, ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం. నాకు వస్తుంది, మెషీన్ల లోను ఉంది కాబట్టి. మా వరసలో అనోడైజింగ్ చేసే అన్నకు రాదు. ఆయన ఎన్నడూ బ్యాంకు గడప తొక్కలేదు, చిట్టీలతో, ఇంట్లో బంగారంతో నడుపుకొచ్చాడు. అప్పు లేకుండా బతికినవాడికి ఇరవై శాతం అంటే సున్నా. ఈ సంగతి ఆయనకు ఫోన్లో చెప్పడం నాకు చాలా కష్టమైంది. “పోనీలే బిడ్డా,” అని పెట్టేశాడు.

మే 24, ఆదివారం

సోమవారం నుంచి రెండు మెషీన్లు తిరుగుతున్నాయి. ఇబ్రహీంపట్నం ఐటీఐ పిల్లలు ఇద్దరు, నేను. సెట్టర్ నోటుబుక్కు మెషీన్ పక్కనే పెట్టుకున్నాం.

శుక్రవారం రిజర్వు బ్యాంకు మళ్లీ పొడిగించింది. కిస్తీలకు ఆగస్టు 31 దాకా. ఎగుమతి కోసం ఇచ్చే అప్పు ఏడాది నుంచి 15 నెలలకు. రెపో రేటు 4 శాతానికి దిగింది.

నిన్న ఇంకోటి జరిగింది. కొనుగోలుదారు 90 రోజులకు ఇవ్వాల్సిన డబ్బు 180 రోజులకు ఇస్తానంటున్నారు. మీ దేశంలో ఇప్పుడు 15 నెలలు ఉంది కదా అని మర్యాదగా రాశారు. మాకు పెరిగిన గడువు వాళ్లకూ పెరిగినట్టే అయింది! బ్యాంకు అడగదు కాబట్టి మేం కూడా అడగకూడదన్నట్టుంది. పిల్లల జీతాలకు 15 నెలల గడువు ఎవరిస్తారు? 120 రోజులని రాశాను. ఒప్పుకున్నారు.

మార్చిలో ఆగిపోయిన ఆ రెండు పెట్టెలు బుధవారం కార్గో విమానంలో పోయాయి. కిలోకు మార్చి రేటుకు రెండింతల పైనే కట్టాను. ఈ ఖేపులో మిగిలేది లేదు. అయినా పంపాను. ఖాళీ చేతులతో వాళ్లకు మళ్లీ ఏమని రాయను?

జులై 5, ఆదివారం

1వ తేదీ నుంచి చిన్న పరిశ్రమల కొత్త నిర్వచనం. టర్నోవరులో ఎగుమతులను లెక్కించరు. మంచి మార్పు, ఎదిగినందుకు సాయం పోతుందన్న భయం ఉండదు. ఈ ఏడు నాకు ఆ భయం లేదనుకోండి.

కేంద్రం గ్యారంటీ ఇచ్చిన ఆ లోను ఖాతాలో పడింది. మొదటి పని, అనోడైజింగ్ అన్న పాత బిల్లులన్నీ ఒకేసారి కట్టేశాను.

అక్టోబరు 14, బుధవారం

నిన్నంతా, రాత్రంతా వాన. పట్నంలో కాలనీలు మునిగాయి. షెడ్డులోకి జానెడు నీళ్లు వచ్చాయి, మెషీన్లు ఎత్తు మీద ఉన్నందుకు బతికాయి. బాపు మాత్రం గొడుగేసుకుని పెద్దచెరువు చూడ్డానికి పోయాడు. నీళ్లు వస్తున్నాయని చిన్నపిల్లాడిలా చెప్పాడు.

మెయిల్ వచ్చింది. జనవరి నుంచి ఆర్డర్లు మొదలు, పాతదాంట్లో 40 శాతం. గ్రూపులో ఆ ఒక్క ముక్కే పెట్టాను.

2021 ఫిబ్రవరి 21, ఆదివారం

ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లు చేసే టాటా బోయింగ్ ప్లాంటుకే 737 విమానం తోక భాగపు లైను కూడా వస్తుందని ఈ నెల ప్రకటించారు. వరసంతా ఫోన్లు. అది మా దాకా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. అయినా ఏడాది తర్వాత ‘పెరుగుతుంది’ అన్న మాట విన్నాం.

కొత్త కొటేషన్ రేపు పంపాలి. ఎగుమతులకు ప్రోత్సాహకమిచ్చే ఎంఈఐఎస్ పథకం డిసెంబరు 31తో అయిపోయింది. దాని బదులు జనవరి 1 నుంచి, కట్టిన పన్నులు తిరిగిచ్చే రోడ్‌టెప్ అన్నారు, రేట్లు ఇంకా చెప్పలేదు. ఎంత తిరిగొస్తుందో తెలియకుండా ధర రాయాలి. దాన్ని సున్నా కిందే వేసి లెక్క కట్టాను. గ్రూపులో కూడా అట్లాగే కట్టమని రాశాను.

పోయిన సోమవారం సెట్టర్ తిరిగొచ్చాడు. సంచీ కూడా దించకుండా మెషీన్ దగ్గరికి పోయాడు. నోటుబుక్కు ఇచ్చాను. ఈ తొమ్మిది నెలల్లో పిల్లలు తెలుగులో రాసుకున్న పేజీలు చూసి, “ఇదెవరు రాసిండ్రు?” అన్నాడు. ఒక ఆఫ్‌సెట్ తప్పుందని కొట్టేసి పక్కన సరైనది వేశాడు.