చట్టంలోకి చేరిన జొన్న

జహీరాబాద్ దగ్గర ముంబయి రోడ్డు మీద చెరకు లారీల వెనక నెమ్మదిగా పోతుంటే ఇది మెట్ట పంటల సీమ అంటే నమ్మబుద్ధి కాదు. పస్తాపూర్ మీదుగా లోపలి ఊళ్లకు మళ్లాక గానీ ఎర్ర చెలకలు, నల్లరేగళ్లు మారి మారి ఎదురుకావు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తున్నది ఈ ఊళ్లలోనే. డెబ్బై అయిదు ఊళ్ల దాకా సంఘాలు, వాటిలో దాదాపు అయిదు వేల మంది ఆడవాళ్లు. ఎక్కువ మంది దళితులు, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు.

నేను వెళ్లినప్పుడు పాత పంటల జాతర నడుస్తోంది. సంక్రాంతికి మొదలై నెల రోజుల పాటు ఎడ్లబండ్లు విత్తనాల బుట్టలు మోసుకుంటూ ఊరూరూ తిరుగుతాయి. డప్పుల చప్పుడు బాగానే ఉంటుంది, ఫొటోలు ఇంకా బాగా వస్తాయి. నాకు మాత్రం చావడి దగ్గర బండ్లు ఆగాక జరిగే మీటింగు మీదే ధ్యాస. వానలు, ధరలు, అప్పు, రేషను, అన్నీ అక్కడే తేలతాయి.

మీటింగుకు ఇంకా పొద్దుందని సంఘం పెద్దామె ఒకరు తన చేను చూపించడానికి తీసుకెళ్లింది. నల్లరేగడిలో యాసంగి పచ్చజొన్న కంకి పట్టింది. సాళ్ల మధ్య శనగ, అవిసె. చేను చుట్టూ కుసుమ. దాని ముళ్లకు జడిసి పశువు లోపలికి రాదు, కాబట్టి కంచె ఖర్చు లేదు. బోరు లేదు, కాలువ లేదు. వానాకాలం నేల పట్టి ఉంచిన తడి, తెల్లవారుజామున కురిసే మంచు చాలు. వీటిని ఇక్కడ సత్యం పంటలంటారు.

"వానకాలంల ఎర్రచెల్కల ఇర్వై తీర్ల ఇత్తనాలు కలిపి ఏస్తం బిడ్డా. కాలం గాకుంటె జొన్న పోతది, కొర్ర నిలుస్తది. అది గూడ పోతె ఉలువలుంటయి. అన్నీ ఒక్కపారి పోవు" అంది. వాతావరణ మార్పును తట్టుకునే సాగు మీద లావుపాటి నివేదికలు కొన్ని చదివాను. అసలు సంగతి వాటిలోనూ ఇంతే.

అయితే తిండికి ఇలా పండించుకోవడం వేరు, ఢిల్లీలో రాసే విధానాన్ని కదిలించడం వేరు. ఆ రెంటికీ నడుమ ఏం జరిగిందో తెలుసుకుందామనే వచ్చాను. పెద్దామె గట్టు మీద కూర్చుని ముప్పై ఏళ్ల వెనక్కి పోయింది. రెండు రూపాయల బియ్యం వచ్చాక ఈ చెలకలు చాలావరకు పడావు పడ్డాయి. దుక్కి ఖర్చు కంటే కంట్రోలు బియ్యమే చవకయితే ఎవరు దున్నుతారు? 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సంఘాలు ఆ పడావు భూముల రైతులకు దున్నకానికి, ఎరువుకు అప్పులిచ్చాయి. తీర్చాల్సింది పైసలతో కాదు, జొన్నలతో. ఆ జొన్న ఊళ్లోనే నిల్వ చేసి, ఏ ఇంటికి ఎంత అవసరమో సంఘమే కూర్చుని తేల్చి తక్కువ ధరకు ఇచ్చింది. "సర్కారు నడిపినట్టే మేం గూడ కంట్రోలు నడిపినం" అని నవ్వింది పెద్దామె.

నా లెక్కలో కీలకం ఇదే. వీళ్లు వాదన కంటే ముందు గిడ్డంగి కట్టారు. తర్వాత మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా పేరుతో దేశంలోని రైతులను, సంస్థలను కలుపుకుని ఢిల్లీ తలుపు తట్టినప్పుడు చూపించడానికి చేతిలో నడిచిన పని ఉంది. వాళ్లు చెప్పింది పెద్ద చదువు అక్కర్లేని మాటే. నీళ్లు నిలిపిన వరి మడి మీథేన్ వదులుతుంది, జొన్న చేనుకు ఆ బెడద లేదు. ఎండలు ముదిరి వానలు గతి తప్పేకొద్దీ అక్కరకొచ్చే పంట ఇదే కాబట్టి రేషన్‌లో పెట్టండి అన్నారు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వాలన్న మాట చేరింది. అదంతా పస్తాపూర్ సంఘాల ఘనతే అంటే అతిశయోక్తి. ఆహార హక్కు ఉద్యమం చాలా బరువు మోసింది. కానీ తినేవాళ్ల హక్కులోకి పండించేవాళ్లను, వాతావరణాన్ని తెచ్చి కలిపిన గొంతుల్లో పస్తాపూర్‌ది ముందు వరస.

ఆ తర్వాత గుర్తింపులకు కొదవ లేదు. 2018లో కేంద్రం చిరుధాన్యాలను పోషక ధాన్యాలంది. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. ఆ ఏడాది మార్చి 18న ఢిల్లీలో ప్రపంచ సదస్సు మొదలైంది. సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ మరునాడే కన్నుమూశారు.

మరి కంట్రోలు దుకాణంలో? ఈ ఊళ్లలో ఇప్పటికీ దొరికేది బియ్యమే. 2025 ఉగాది నుంచి అవీ సన్నబియ్యం. నీళ్లు మిగిల్చినందుకు, జీవవైవిధ్యం నిలిపినందుకు చిరుధాన్యాల రైతుకు బోనస్ ఇవ్వాలని నెట్‌వర్క్ ఏళ్లుగా అడిగింది. తెలంగాణలో క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది, సన్నవడ్లకు! పేదవాడు సన్నబియ్యం తినడం మీద నాకేం అభ్యంతరం లేదు. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకున్న ఇళ్లెన్నో ఉన్నాయి. కానీ విధానం వీళ్ల దగ్గర్నుంచి ధాన్యం పేరు తీసుకుని చేను వదిలేసింది. సూపర్ మార్కెట్ పొట్లంలో కొర్ర ఉంటుంది. దాని పక్క సాలులోని ఉలవ, గట్టు మీది కుసుమ, బుట్టకు పేడ అలికి బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనం మాత్రం ఏ పథకం లెక్కలోకీ రావు.

ఒడిశా ఈ విషయంలో మెరుగు. 2017లో మొదలైన అక్కడి మిల్లెట్ మిషన్ రూపకల్పనలోనే స్వచ్ఛంద సంస్థలు కూర్చున్నాయి. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే వాసన్ దాని సచివాలయ బాధ్యత మోసింది. ఆదివాసీ ప్రాంతాల్లో ప్రభుత్వమే రాగులు కొన్నది, అంగన్‌వాడీల్లో లడ్డూలు పెట్టింది. సలహా చెప్పి రావడానికీ, అమలులో చెయ్యి పెట్టడానికీ తేడా అది.

అమలు దాకా చేరాలంటే ఓపిక కావాలి. ఆ సంగతికొస్తే పస్తాపూర్ సంఘాలకు పాఠం చెప్పనక్కర్లేదు. మాచ్‌నూర్‌లో యునెస్కో తోడ్పాటుతో రేడియో స్టేషన్ కట్టుకుని, లైసెన్సు లేక ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2000లో పస్తాపూర్‌లోనే సదస్సు జరిగి, సామాన్యులకూ రేడియో ఇవ్వాలని గట్టిగా అడిగింది. 2006లో విధానం మారితే, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వెళ్లింది.

కానీ ఇప్పుడు అంత వ్యవధి ఉందా అన్నది అనుమానమే. చావడి దగ్గర కూర్చున్నవాళ్లలో ముప్పై ఏళ్లలోపు మనిషి అరుదుగా కనిపించారు. కొర్రలు, సామలు దంచి పొట్టు తీసే చాకిరీ కోడళ్లకు వద్దు, వద్దనడంలో తప్పూ లేదు. పైగా న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం పన్నెండు వేలకు పైచిలుకు ఎకరాల సేకరణ మొదలై పదేళ్లు దాటింది. ఒక ప్రభుత్వ శాఖ చిరుధాన్యాలకు సంవత్సరం జరుపుతుంది, ఇంకో శాఖ అవి పండే నేలకు నోటీసిస్తుంది.

మీటింగులో విత్తనాల మార్పిడి తొందరగా ముగిసింది. భూమి మాట రాగానే వెనక నిలబడ్డ మగవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చున్నారు. నోటీసులు రాని ఊళ్లు కూడా వచ్చిన ఊళ్లతో కలిసి కలెక్టరాఫీసుకు పోవాలా వద్దా అని వాదన నడిచింది. పోవాలన్నవాళ్లదే పైచేయి అయింది. ఏ రోజన్న దగ్గర మళ్లీ పేచీ. సోమవారం ప్రజావాణికి పోదామంటే, పచ్చజొన్న కోతకొస్తుంది, కోతలయ్యాకే అని పెద్దామె పట్టుబట్టింది.