ఫోన్ అమ్మకివ్వు నాయనా

వీడియో కాల్ చేస్తే ముందు కొడుకు మొహం కనిపిస్తుంది. తర్వాత ఫ్యాను, దేవుడి క్యాలెండరు, మంచం కోడు. మంచం మీది మనిషిని చూడాలంటే మాత్రం నేను గొంతు పెంచాలి. "అమ్మకెలా ఉంది?" అంటే "పర్వాలేదు బాబూ, పడుకుంది" అంటారు. నిద్రపోతోందా, నొప్పికి ముడుచుకుని పడుందా? అడిగేలోపే ఆసుపత్రి ఫైలు కెమెరాకి అడ్డం పెడతారు. నొప్పి ఒకరిది, జవాబు ఇంకొకరిది.

నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ ఏటా 5.68 కోట్ల మందికి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందేది 14 శాతం మందికే. మిగతావాళ్లను సెల్‌ఫోన్ ఆదుకుంటుందని సభల్లో చెబుతుంటాం. ఆదుకుంటుంది, రోగి చేతికి ఇస్తే.

శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగిన కొస నోట్లో ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలి అంగిట్లో క్యాన్సర్ పుడుతుంది. ముదిరాక మా దగ్గరికి వస్తారు. అప్పుడు వాళ్లను ఆటోల్లో, బస్సుల్లో విశాఖకు తిప్పడం హింస. అందుకే నర్సు ఇంటికెళ్తుంది, నేను ఫోన్లో ఉంటాను.

అలాంటి ఓ ముసలమ్మకి మాట రాదు. నొప్పి పదికి ఎంతో వేళ్లు చూపించమన్నాను. ఎనిమిది చూపించింది. అదే కాల్‌లో హైదరాబాదు నుంచి కొడుకు, "రెండే ఉంటది బాబూ" అన్నాడు! ఏడువందల కిలోమీటర్ల అవతలున్నవాడికి తల్లి అంగిట్లో నొప్పి తెలిసిపోయింది.

మార్ఫిన్ మాత్రలు చీటీలో రాసినవి రాసినట్టే బియ్యం డబ్బాలో దొరికాయి. అలవాటైపోతుందని కొడుకు వద్దన్నాడట. నాలుగు గంటలకొకటి వేళ తప్పకుండా వేస్తేనే నొప్పి అదుపులో ఉంటుంది. మలబద్ధకానికి రోజూ మందు కలిపివ్వాలి. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడేవారిలో వ్యసనం అరుదు. ఇదంతా విననివాడు, వాట్సాప్‌లో వచ్చిన లక్ష్మణఫలం ఆకుల కషాయం మాత్రం పుండుపడ్డ ఆ నోట్లో పోయించాడు. నా మాట వెళ్లే ఫోన్లోనే అదీ వచ్చింది మరి.

కోప్పడ్డాను. ఆ తర్వాత జాలేసింది. రోజుకూలీ మానుకుని రాలేని కొడుకు ప్రేమ చూపడానికి ఫోన్ తప్ప ఏముంది?

ప్రభుత్వం సంగతి వేరే. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మార్ఫిన్‌ను ఫోన్లో రాయకూడదు. దగ్గు మందు రాయొచ్చు. మాత్రలైపోయినప్పుడల్లా కోడలు పని మానుకుని బస్సెక్కాల్సిందే.

మోతాదు కుదిరాక ఓ సాయంత్రం ముసలమ్మ రెండు వేళ్లే చూపించింది. ఇంకేమైనా కావాలా అంటే, ఆ వేళ్లనే పెదాల దగ్గర పెట్టుకుంది. చుట్ట! నర్సు నవ్వాపుకుంది. కొడుకు అటునుంచి, "డాక్టరై ఉండి ఒప్పుకుంటారా?" అని అరిచాడు.

"మాత్ర వేశాక ఇవ్వండి. నిప్పు కొస బయటికి పెట్టాలి" అన్నాను.

వాడు కాల్ కట్ చేశాడు. కోడలు అప్పటికే అగ్గిపెట్టె వెతుకుతోంది.