మన ఇల్లు మంటకు ఎంతసేపు ఆగుతది?



పత్తి ఏరుడు జోరు మీదుంది. ఆసిఫాబాద్, వాంకిడి, కెరమెరి, తిర్యాణి దిక్కు ఎవరింటికి పోయినా ముందు అర్రలో పత్తి కుప్పే కనబడుతుంది. మంచాలు గోడకు జరిపి, మిగిలిన జాగలో మనం పండుకుంటున్నం. తేమ 12 శాతం దాటితే సీసీఐ తీసుకోదు, యాప్‌లో స్లాట్ దొరకందే బండి కదలదు. అందాక పత్తి ఇంట్లనే. ధర గురించి, తేమ గురించి మనం రోజూ మాట్లాడుకుంటనే ఉన్నం. ఇయ్యాల ఇంకో సంగతి రాస్తున్న. ఆ కుప్పకు నిప్పంటుకుంటే మన ఇల్లు ఎంతసేపు ఆగుతది?

"మనది స్లాబు ఇల్లు, ఏం కాదు" అనేటోళ్లే ఎక్కువ. అందుకే ఈ రాత.

మన దగ్గర ఇండ్లను కప్పును బట్టి పిలుస్తం. గడ్డి గుడిసె, గూనపెంకల ఇల్లు, రేకుల ఇల్లు, స్లాబు ఇల్లు. జనాభా లెక్కలోళ్లు వచ్చినా కప్పు దేనిది, గోడ దేనిది అని అడిగి రాసుకుంటరు. సర్కారు భాషలో కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు. ఈ లెక్క వానకు, గాలికి పనికొస్తది. నిప్పు లెక్క వేరే ఉన్నది. అది గంటల లెక్క.

మా అన్న కొడుకు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిండు. వాని పుస్తకాలు తిరగేస్తుంటే ఈ సంగతి కండ్లబడ్డది. దేశానికంతా ఒక జాతీయ భవన నియమావళి ఉన్నది. మొదటిసారి 1970లో వచ్చింది, 2016లో మార్చి రాసిండ్రు. దాంట్లో భవనాలను నిప్పుకు ఆగే శక్తిని బట్టి నాలుగు రకాలు చేసిండ్రు. ఒకటో రకంలో బరువు మోసే బయటి గోడ నాలుగు గంటలు ఆగాలె. నాలుగో రకంలో గంట ఆగాలె. అంతకన్న తక్కువ ఆగేది ఈ లెక్కలోకే రాదు. అంటే గడ్డి గుడిసెకు అసలు నంబరే లేదు.

గంటలు ఎట్ల కొలుస్తరు అంటే, గోడను పెద్ద కొలిమి ముందర నిలబెట్టి ఒక పక్క మంట పెడతరు. వేడి కూడ లెక్క ప్రకారమే పెంచుతరు. 5 నిమిషాలకు 576 డిగ్రీలు, అర గంటకు 842, గంటకు 945 డిగ్రీలు. మూడు సంగతులు చూస్తరు. గోడ నిలబడిందా కూలిందా. పగులు పట్టి మంట ఇవతలికి వచ్చిందా. ఇవతలి పక్క వేడి సగటున 140 డిగ్రీల కన్న ఎక్కువ పెరిగిందా. మూడిట్ల ఏది తప్పినా అక్కడికి గడియారం ఆపేస్తరు.

ఇప్పుడు ఇదే కొలతతోటి మన ఇండ్లను చూద్దాం.

గడ్డి గుడిసె సంగతి చెప్పే పని లేదు. ఎండకాలం ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెట్ల కింద ఆకులు కాలబెడతరు. గాలి మళ్లి ఒక్క రవ్వ వచ్చి పడితే చాలు, బిందె నీళ్లు తెచ్చేలోపట కప్పు కూలిపోతది.

గూనపెంక కాలదు, అది ముందే ఆవంలో కాలి వచ్చింది. కానీ దాని కింద వాసాలు, వెదురు బద్దలు ఉంటయి. అవి అంటుకుంటే పెంకలన్నీ మన నెత్తి మీదికే వస్తయి. ఇంకోటి చూడుండ్రి. చానా పెంకుటిండ్లలో అర్రకు అర్రకు నడుమ గోడ దూలం దాకానే ఉంటది, పైన పెంకల దాకా అంతా ఖాళీ. గోడ ఎంత మందముంటే ఏం లాభం? పొగ, మంట పైనుంచి పక్క అర్రలోకి నడుచుకుంట వస్తయి. కొలిమి ముందర పెడితే రెండో పరీక్షలోనే తప్పుతది.

మన పాత ఇండ్లల్ల ఒక గొప్పతనం కూడ ఉన్నది. అది టేకు గుంజ. సన్న వాసం గబగబ కాలుతది గానీ లావు టేకు గుంజ అట్ల కాలదు. మీద బొగ్గు పొర కడతది, ఆ పొరే లోపలి కట్టెను కాపాడుతది. గట్టి కట్టె నిమిషానికి అర మిల్లీమీటరు చుట్టుపక్కల లోపలికి కాలుతది. అంటే గంటకు మూడు సెంటీమీటర్లు. ఎనిమిది అంగుళాల గుంజకు నాలుగు దిక్కుల మంట తగిలినా గంట తర్వాత నడుమ ఐదారు అంగుళాల గట్టి కట్టె మిగులుతది. అమెరికాలో భవనాలను ఐదు రకాలు చేస్తే, అందులో ఒక రకం పూర్తిగా ఈ లావు కట్టె కట్టడాలదే. మనోళ్ల పిల్లలు అక్కడ కొనుక్కునే ఇండ్లు చానమటుకు సన్న కట్టె ఫ్రేముయి, ఐదో రకం. ఆ కట్టెకు రెండు దిక్కుల జిప్సం పలకలు కొడతరు. ఆ జిప్సంలో నీరు కలిసి ఉంటది, ఆ నీరు ఆవిరయ్యేదాకా వేడి కట్టెను చేరదు. సరైన పలక వాడితే ఆ గోడ గంట ఆగుతది. కట్టె ఇల్లు అని తీసిపారేసే పని లేదన్నట్టు.

రేకుల ఇల్లు గట్టిదనుకుంటం. ఇనుప రేకు కాలదు, నిజమే. కానీ వేడిని అసలు ఆపదు. రేకు కింది ఇనుప పైపులు 550 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి సగం బలం పోగొట్టుకుంటయి. పైన చెప్పిన కొలిమి లెక్క చూడుండ్రి, అంత వేడి ఐదు నిమిషాలల్లనే వస్తది. సన్న పైపు వంగుడు ఇంక ఎంతసేపు? సిమెంటు రేకులైతే మంటకు పటపట పగిలి ముక్కలు ఎగురుతయి. ఆర్పబోయినోళ్లు దగ్గరికి పోవద్దు.

ఇంక స్లాబు. స్లాబు బలం లోపలి సలాకల్లో ఉంటది, సలాకను కాపాడేది దాని కింది కాంక్రీటు. ఐఎస్ 456 అనే నియమం ప్రకారం నాలుగు అంగుళాల స్లాబు మందం గంటకు సరిపోతది, ఐదు అంగుళాలది రెండు గంటలకు. కానీ సలాక కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉంటేనే ఆ గంట. రెండు గంటలు కావాల్నంటే ఇంకా మందం ఉండాలె. ఇందిరమ్మ ఇల్లు కట్టుకుంటున్నోళ్లు స్లాబు పోసే రోజు అక్కడనే నిలబడుండ్రి. సలాకల కింద కవర్ బ్లాకులు పెట్టిండ్రా, లేకపోతే సలాక సెంట్రింగు రేకు మీదనే పండుకున్నదా చూడుండ్రి. ఎక్కువ ఖర్చేం కాదు, మేస్త్రికి ఒక మాట చెప్పుడే.

తొమ్మిదంగుళాల ఇటుక గోడ, స్లాబు ఉన్న ఇల్లు మంచిదే. మరి భయం దేనికి?

ఆ నియమావళిలోనే ఇంకో లెక్క ఉన్నది. భవనం దేనితోటి కట్టిండ్రు అన్నది ఒకటైతే, దాంట్లో ఏం చేస్తున్నరు అన్నది రెండోది. దీనికి ఏ నుంచి జే దాకా, నడుమ ఐ వదిలేసి, తొమ్మిది గుంపులు పెట్టిండ్రు. మనుషులు ఉండే ఇల్లు ఏ. బడి బీ. సరుకు దాచే గోదాము హెచ్. మనం ఇల్లు కట్టుకునేది ఏ లెక్కన. దసరా దాటినంక దాన్నే హెచ్ చేసి, దాంట్లనే పండుకుంటున్నం.

ఇది ఎట్లుంటదో సికింద్రాబాద్ బోయిగూడలో చూసినం. 2022 మార్చి 23 తెల్లవారుజామున కింద తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పైన అర్రల్లో పన్నెండు మంది బీహార్ కూలీలు పండుకొని ఉండిరి. ఒక్కడు దూకి బతికిండు. పదకొండు మంది పోయిండ్రు. పొట్టకూటికి వచ్చినోళ్లు, సరుకు మీద పండుకున్నోళ్లు.

2025 మే 18న, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది పోయిండ్రు. కింద దుకాణాలు, మీద కాపురం, వచ్చిపోను ఇరుకు తొవ్వ ఒక్కటే. ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. గోడ నాలుగు గంటలు నిలబడొచ్చు. మనిషికి నాలుగు గంటలు ఉండవు.

పత్తికి ఈ గుణం మరీ ఎక్కువ. మీద పర్రున అంటుకొని ఆరినట్టు కనబడతది, లోపల మాత్రం కుములుకుంట ఉంటది. జిన్నింగ్ మిల్లు బేళ్లల్ల నిప్పు రోజుల తరబడి ఉంటదని అక్కడ పని చేసినోళ్లకు ఎరుకే. ఆ కుములుడులో వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నోడు లేవడు.

ఇంకో ముచ్చట. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి కాలి 94 మంది పిల్లలు పోయిండ్రు. అది ఊరి చివరి గుడిసె బడి కాదు, గోడలున్న భవనమే. వంటకాడ లేచిన మంట పైకి పాకి, ఆకుల కప్పు కింద కూసున్న పిల్లల మీద పడ్డది. మనం కూడ స్లాబు ఇంటికి ఆనిచ్చి గడ్డి పందిరి వేస్తం, దాని కింద పొయ్యి పెడతం, పక్కన పత్తి కట్టె కుప్ప పోస్తం. పక్కా ఇంటికి మనమే వత్తి కట్టినట్టు.

దీన్ని చూడడానికి ఏ అధికారీ రాడు. 1999 నాటి అగ్నిమాపక చట్టం కింద ఫైరోళ్ల అనుమతి కావాల్నంటే ఇల్లు 18 మీటర్ల ఎత్తు ఉండాలె. మన ఇండ్లు ఏ లెక్కలోకీ రావు. 101కు ఫోన్ చేసినా, ఆసిఫాబాద్‌లో బయలుదేరిన ఫైరింజన్ కెరమెరి ఘాట్ ఎక్కి లోపలి గూడేనికి వచ్చేసరికి ఎంతసేపయితదో మీకే తెలుసు. పట్నమోళ్లకు గంట ఆగే గోడ ఎక్కువ కావచ్చు, మనకు అది తక్కువలో తక్కువ.

మన పెద్దలు ఏ నియమావళీ చదవలే. అయినా కళ్లం ఊరి బయట, గడ్డివాము ఇంటికి దూరం, గింజలు పాతరలో. సరుకు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. ఇప్పుడు జాగ లేక అన్నీ ఒక్క కప్పు కిందికి తెచ్చుకున్నం. అందరం గోదాములు కట్టుకోలేం. కానీ ఇయి చేసుకోవచ్చు.

పత్తి వెనుక అర్రలో పోయుండ్రి, మనుషులు దర్వాజ దిక్కు పండుకోవాలె. ఒక్కటే అర్ర ఉంటే పత్తి లోపలి మూలకు, మంచం తలుపు పక్కకు. మంచానికి తలుపుకు నడుమ పత్తి ఉండనే వద్దు. అన్నిట్ల ఇది పెద్దది, దీనికి పైసా ఖర్చు లేదు.

పెంకుటిల్లయితే పత్తి ఉన్న అర్ర గోడను పెంకల దాకా లేపుండ్రి. ఇటుక లేకుంటే మట్టితోటన్నా, సందు లేకుండ.

కుప్ప స్విచ్ బోర్డుకు, వైర్లకు తగలొద్దు. పత్తి మీద ఫోను పెట్టి చార్జింగ్ పెట్టొద్దు. పెట్రోలు డబ్బా, బండి ఆ అర్రలో వద్దు. బీడీ, ఊదుబత్తి సంగతి చెప్పాల్నా?

గడ్డి పందిరి, పత్తి కట్టె ఇంటి గోడకు దూరం జరపుండ్రి. పశువుల ముడి ఒక్క గుంజుడుకు ఊడేటట్టు కట్టుండ్రి.

అంటుకుంటే ముందు మనుషులు బయటికి, తర్వాతనే పత్తి. ఆరింది అనుకున్న పత్తిని మళ్లీ ఇంట్లకు తేవద్దు. బయట పరిచి, తడిపి, రాత్రంతా కాపలా ఉండాలె.

క్వింటాల్ పత్తికి ధర ఎంతో మనందరికీ నోటికి వస్తది. ఇయ్యాల రాత్రి పండుకునే ముందు ఒక్కసారి లేచి, మంచం నుంచి తలుపు దాకా ఎన్ని అడుగులో, నడుమ ఏమున్నదో చూసుకోండ్రి. చూసినంక మీ ఇంట్ల ఎట్లున్నదో కింద రాయుండ్రి. పక్కింటోళ్లకు కూడ చెప్పుండ్రి, ఎందుకంటే మన గోడలు కలిసే ఉన్నయి.